యజమాని గింజలు, యజమాని గుర్రాలు, మధ్యలో పాలేరు

యజమాని గాదెలోని గింజలు తీసి యజమాని గుర్రాలకే పెడితే దొంగతనం అవుతుందా? ఇంగ్లండ్‌లో అయింది. 1816 నాటి మోర్ఫిట్ కేసులో చిక్కుడు గింజలు గుర్రాలకు పెట్టిన పాలేర్లది దొంగతనమేనని తేల్చారు. గుర్రం బలంగా ఉంటే పాలేరుకి పని తేలికవుతుంది కదా, అది కూడా లాభమే కదా అని కొందరు జడ్జీల లెక్క!

పాలేరు సంగతి వేరు. చీకటితో లేచి మేత పెట్టేది, ఒళ్లు తోమేది, నాగలికి కట్టేది అతనే. గుర్రం నిగనిగలాడితే ఊళ్లో తలెత్తుకు తిరిగేదీ అతనే. రైతు కొలిచి ఇచ్చిన ఓట్స్ చాలవనిపిస్తే ఇంకో రెండు గుప్పెళ్లు తీసి తొట్టిలో వేసేవాడు. ఇంటికి ఒక్క గింజ కూడా పోయేది కాదు. చివరికి 1863లో పార్లమెంటు దీనికోసమే ఒక చట్టం తెచ్చి, ఇది దొంగతనం కిందికి రాదంది. అలాగని ఊరికే వదల్లేదు. మూడు నెలల వరకూ జైలు, లేదా 5 పౌండ్ల వరకూ జరిమానా.

విక్టోరియా కాలంలో వ్యవసాయ కూలీల మీద పడ్డ చిల్లర దొంగతనం కేసులు చూస్తే పుల్లలు, దుంపలు, గింజలు, కుందేళ్లే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. వీటిలో చాలావాటి వెనక ఒకప్పుడు హక్కో, అలవాటో ఉంది. ఊరి ఉమ్మడి భూముల్లో ఆవుని మేపుకోవడం, వంటచెరకు ఏరుకోవడం అలాంటివే. కంచెలు వేసే చట్టాలు వేల సంఖ్యలో వచ్చి ఆ భూముల్ని సొంత కమతాలుగా మార్చేశాయి. నిన్న కట్టె ఏరుకున్న చోటే ఇవాళ ఏరితే నేరం.

పరిగె, అంటే కోతలయ్యాక చేలో రాలి మిగిలిన వెన్నులూ గింజలూ, ఏరుకోవడం సంగతీ అంతే. సఫోక్ జిల్లా టిమ్‌వర్త్‌లో మేరీ హౌటన్ అనే ఆవిడ స్టీల్ అనే భూస్వామి పొలంలో పరిగె ఏరిందని కేసు నడిచింది. పేదలకు చట్టప్రకారం అలాంటి హక్కేమీ లేదని 1788లో తీర్పు వచ్చింది. నలుగురు జడ్జీల్లో గౌల్డ్ ఒక్కడే, పరిగెను పేదలకు వదలాలనే బైబిల్లోని మోషే ధర్మశాస్త్రాన్ని ఎత్తిచూపి ఒప్పుకోలేదు. ఊళ్లు మాత్రం ఆ తీర్పుని పెద్దగా పట్టించుకోలేదు. విక్టోరియా కాలమంతా కోతలయ్యాక చర్చి గంట కొడితే ఆడవాళ్లూ పిల్లలూ పొలంలోకి దిగేవారు. తూర్పు ప్రాంతాల్లో రైతు ఒక పనను (కోసిన పైరు కట్టని) పొలంలోనే నిలబెట్టి ఉంచేవాడు. అది ఉన్నంతసేపు లోపలికి రాకూడదని గుర్తు. దాని పేరు ‘పోలీసు’.

అసలు పోలీసులు కూడా అప్పుడే వచ్చారు. 1839లో జిల్లాలకు ఇష్టమైతే పోలీసు దళం పెట్టుకోవచ్చన్నారు, 1856లో తప్పనిసరి చేశారు. మధ్యలో 1855లో ఇంకో మార్పు వచ్చింది. 5 షిల్లింగుల (పావు పౌండు) లోపు దొంగతనాన్ని, నిందితుడు అలాంటి విచారణకి సమ్మతిస్తే, జ్యూరీ లేకుండా మెజిస్ట్రేట్లే తేల్చేయొచ్చు. పల్లెల్లో మెజిస్ట్రేట్లంటే ఎవరు? భూస్వాములు, చర్చి ఫాదర్లు. ఇక 1861 చట్టం ప్రకారం పొలంలో దుంప పీకినా నెల వరకూ జైలు.

కూలి ఎంతంటారా? 1850–51లో దేశం తిరిగి చూసిన వ్యవసాయ రచయిత జేమ్స్ కెయిర్డ్ లెక్కలో వారానికి సగటున ఉత్తరాన పదకొండున్నర షిల్లింగులు, దక్షిణాన 8 షిల్లింగుల 5 పెన్నీలు. వాన పడితే చాలామందికి ఆ కూలీ ఉండదు. పూట గడవకపోతే వర్క్‌హౌస్, అంటే పని చేయించుకుని తిండి పెట్టే పేదల శాల, దిక్కు. 1845లో ఆండోవర్ వర్క్‌హౌస్‌లో పొడి కొట్టమని ఇచ్చిన ఎముకల్నే ఆకలికి జనం కొరుక్కు తిన్నారని బయటపడి దేశమంతా గోల అయింది. అక్కడికి పోవడం కంటే నాలుగు టర్నిప్ దుంపలు జేబులో వేసుకోవడమే నయమనుకున్నవాళ్లని తప్పు పట్టడం నావల్ల కాదు. అలాగని అందరూ ఆకలికే చేశారనీ అనను. తోటి కూలీ కోడినో, అతని పెరట్లో బంగాళాదుంపల్నో ఎత్తుకుపోయినవాళ్లూ ఉన్నారు. అలాంటివాణ్ణి ఊళ్లో కూడా వెనకేసుకొచ్చేవారు కాదు.

కుందేలు సంగతి వేరు. అది ఎవడి సొత్తూ కాదని కూలీల నమ్మకం. 1862 చట్టం వచ్చాక, దొంగచాటుగా వేటకెళ్లి వస్తున్నాడని అనుమానమొస్తే చాలు, రోడ్డు మీదే ఆపి సోదా చేసే అధికారం పోలీసులకి దక్కింది. పని ముగించుకుని ఇంటికి పోతున్నవాళ్ల బుట్టలు కూడా వెతికారు. కూలీల సంఘం నాయకుడు జోసెఫ్ ఆర్చ్ 1873లో పార్లమెంటు కమిటీ ముందు వేట చట్టాల మీద కూలీల గోడు వినిపించాడు. 1880లో పార్లమెంటు కొంచెం దిగివచ్చి, సాగు చేసే భూమిలో కుందేళ్లని పట్టుకునే హక్కు ఇచ్చింది. అది కౌలు రైతులకు. కూలీ బుట్ట వెతికే చట్టం మాత్రం అలాగే ఉండిపోయింది.