టవర్ లేని కబురు: ఓపెన్ సోర్స్ మెష్‌లు ఎక్కడ ఆగిపోయాయి

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరి మూడో ప్రమాద హెచ్చరిక పడిందంటే, లంకల్లో ముందు కరెంటు పోతుంది. తర్వాత టవర్ బ్యాటరీలు దిగిపోతాయి. జనరేటర్‌కి డీజిలు పడవ మీదే రావాలి. ఫోన్‌లో చార్జింగ్ ఉన్నా ఏటిగట్టు మీదున్న మనిషికి కబురందదు. 2022లో కోనసీమకు రెండు దెబ్బలు తగిలాయి: మేలో అమలాపురం అల్లర్ల తర్వాత ఇంటర్నెట్ ఆపేశారు, జులైలో వరదొచ్చింది.

టవర్ లేకుండా ఫోన్ నుంచి ఫోన్‌కే కబురు చేతులు మార్చే అల్లికని మెష్ అంటారు. ఆ ప్రయత్నం పాతదే. 2010 హైతీ భూకంపం తర్వాత ఆస్ట్రేలియాలో సర్వల్ ప్రాజెక్టు మొదలైంది. వైఫైని యాడ్-హాక్ పద్ధతిలో, అంటే రౌటర్ లేకుండా నేరుగా నడిపి ఫోన్లను గొలుసు కట్టడం దాని ఆలోచన. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ ఆ పద్ధతిని ఒప్పుకోదు, రూట్ చేయాలి, అంటే ఫోన్ తాళాలు విప్పి పూర్తి అధికారం తీసుకోవాలి. మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి ఫోన్ రూట్ చేసేదెవరు?

2014లో హాంకాంగ్ ఆందోళనల్లో పేరు మోగిన మెష్ యాప్ ఫైర్‌చాట్‌ది మూసిన కోడ్, బయటివాళ్లకి అందదు. కంపెనీ వదిలేశాక ఎత్తుకోవడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు. 2013లో పుట్టిన టాక్స్ మధ్యలో సర్వర్ లేకుండా కబురు పంపే పద్ధతి, దాని కోడ్ అందరిదీ (ఓపెన్ సోర్స్). అయినా 2015లో విరాళాల డబ్బు దగ్గర తగువొచ్చి డెవలపర్లు ఫౌండేషన్‌తో తెగతెంపులు చేసుకున్నారు. దాని క్యూటాక్స్ యాప్ 2023లో మూలపడితే తర్వాత మరో బృందం ఎత్తుకుంది. కోడ్ తెరిచి ఉంటే దక్కేది ఆ రెండో అవకాశమే. రోజువారీ చాకిరీ మాత్రం ఎవరో ఒకరు చేయాల్సిందే. ఆండ్రాయిడ్ 10 నుంచి యాప్ తనంతట తాను వైఫై ఆన్ చేయలేదు, 12లో బ్లూటూత్ అనుమతులు మారాయి. మారిన ప్రతిసారీ జీతం లేని మనిషి కోడ్ తిరగరాయాలి.

బ్లూటూత్, వైఫై మీద కూడా కబురు పంపే ఓపెన్ సోర్స్ యాప్ బ్రయర్ ఈ పోరు తట్టుకుంది గానీ, 2023 మేలో కేంద్రం నిలిపేసిన 14 యాప్‌లలో అదీ ఉంది.

2020లో మొదలైన మెష్‌టాస్టిక్ దారి వేరు. ఇందులో కబురు మోసేది ఫోన్ కాదు, చిన్న లోరా (తక్కువ కరెంటుతో దూరం పంపే రేడియో) బోర్డు. మన దేశంలో 865–867 మెగాహెర్ట్జ్‌కి లైసెన్స్ అక్కర్లేదు. అందుకు 868 రకం బోర్డే కొనాలి, 915 రకం యాంటెన్నా సరిగా పనిచేయదు. యాంటెన్నా బిగించకుండా పవర్ ఇస్తే రేడియో పాడయ్యే ప్రమాదముంది. సెట్టింగుల్లో రీజియన్ పెట్టకపోతే అసలు పంపదు, ఇక్కడ ఇండియా పెట్టాలి. కొబ్బరితోటలు సిగ్నల్‌ని మింగేస్తాయి కాబట్టి బోర్డు వాటర్ ట్యాంకు మీదికెక్కాలి. మామూలు సెట్టింగులో కబురు బోర్డు నుంచి బోర్డుకి 3 గెంతులే వేస్తుంది. ఒక్కో సందేశానికి సుమారు 200 బైట్లు. తెలుగులో అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ తలా 3 బైట్లు, అంటే ‘పడవ పంపండి’కి 28.

దీనికీ పాత జబ్బు లేకపోలేదు. 2.0 ఫర్మ్‌వేర్ (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) వచ్చినప్పుడు 1.2 బోర్డులతో దానికి మాట కలవలేదు. నిరుడు పెట్టెలో దాచిన బోర్డులన్నిటినీ వరదల కాలానికి ముందే, ఇంటర్నెట్ ఉండగానే, ఒకే వెర్షన్‌కి తెచ్చి గట్టు ఈవలా ఆవలా పంపి చూసుకోవాలి.