మద్రాస్ రెజిమెంట్ టోపీ మీది అస్సాయే ఏనుగు

2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నౌకాదళ పతాకం నుంచి సెయింట్ జార్జ్ శిలువను తొలగించారు. శివాజీ రాజముద్రను తలపించే అష్టకోణం పతాకం మీదికి వచ్చింది. అప్పటి నుంచి సైన్యంలో మిగిలిన వలసపాలన గుర్తుల గురించి మాట వచ్చినప్పుడల్లా నాకు మద్రాస్ రెజిమెంట్ టోపీ బిళ్ల గుర్తుకొస్తుంది. ఒక డాలు, అడ్డంగా పెట్టిన రెండు కత్తులు, డాలు మీద ఏనుగు. దక్షిణాది పటాలం కదా, గుళ్లో ఏనుగునే పెట్టుకున్నారనిపిస్తుంది. నిజానికి అది మరాఠాల మీద ఈస్టిండియా కంపెనీ గెలిచిన ఒక యుద్ధానికి ఆనవాలు.

ఆ యుద్ధం 1803 సెప్టెంబరు 23న, ఇప్పటి మహారాష్ట్రలోని జాల్నా జిల్లాలో, అస్సాయే అనే పల్లె దగ్గర జరిగింది. మరాఠా పాలకులు సింధియా, భోంస్లేల సేనలు దాదాపు వంద ఫిరంగులతో మోహరించి ఉన్నాయి. ఎదురుగా వచ్చినవాడు గవర్నర్ జనరల్ తమ్ముడు ఆర్థర్ వెల్లెస్లీ. పొద్దు వాలేసరికి గెలిచాడు గానీ, చనిపోయినవారూ గాయపడినవారూ కలిపి అతని వైపు పదిహేను వందలు దాటారు. కాలిబలంలో తెల్ల పటాలాలు రెండే, మిగతావి మద్రాసు సిపాయిలవి. ఆ రోజు నిలబడి పోరాడిన పటాలాలకు ‘అస్సాయే’ పేరుతోపాటు ఏనుగు బొమ్మను కూడా ధరించే గౌరవం దక్కింది. స్కాట్లండ్‌కు చెందిన 74వ పటాలానికీ ఇదే ఏనుగు.

ఆ మద్రాసు సిపాయిల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. కంపెనీ సిపాయిని ఉత్తరాదిలో ‘తిలంగా’ అని పిలిచేవారు. 1857లో ఢిల్లీ వీధుల్లోనూ వినిపించిన మాట అది. అంత పేరున్నవాళ్లనే తర్వాతి తరం ఇంగ్లీషు అధికారులు యుద్ధానికి పనికిరారని తేల్చేశారు. కొన్ని జాతులే యుద్ధానికి పుట్టాయనే ‘యోధజాతుల’ సిద్ధాంతం పేరిట పంజాబీలూ గూర్ఖాలూ ముందుకొచ్చారు, మద్రాసు పటాలాలు ఒక్కొక్కటిగా రద్దయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు కావలసివచ్చేసరికి ఆ సిద్ధాంతం పక్కకు పోయింది. 1941లో రెజిమెంటును మళ్లీ నిలబెట్టారు. పాత ఏనుగు కొత్త టోపీల మీదికి వచ్చింది.

అసలు చిక్కు స్వాతంత్ర్యం తర్వాతే. భారతీయ పాలకులను ఓడించి సంపాదించిన యుద్ధ గౌరవాలను పతాకాల మీద మోయకూడదని మన సైన్యం నిర్ణయించింది. ప్లాసీతోపాటు అస్సాయే కూడా అలా మోయకూడని వాటి జాబితాలో చేరింది. మరాఠా లైట్ ఇన్‌ఫాంట్రీ కూడా ఇదే సైన్యంలో ఉన్నప్పుడు ఆ గెలుపును పండుగ చేసుకోవడం బాగుండదు మరి. అలా యుద్ధం పేరు పోయినా ఏనుగు మిగిలింది. రెజిమెంటు నినాదం ‘స్వధర్మే నిధనం శ్రేయః’ అనే గీతావాక్యం. ఇప్పుడు బిళ్ల పెట్టుకునే జవానుకు ఏనుగంటే బలం, నిలకడ. అస్సాయే సంగతి తెలియాల్సిన అవసరం అతనికి లేదు. గుర్తు బతకడానికి ఇదే కారణమని నా అనుమానం.

రెజిమెంటు కేంద్రం నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉంది. ఆ ఊరి పేరు డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్‌ది, అంటే అస్సాయేలో గెలిచిన ఆ వెల్లెస్లీదే. అక్కడి పాత బ్యారక్స్‌కు మాత్రం సైన్యాధిపతిగా చేసి, తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా పనిచేసిన జనరల్ శ్రీనాగేశ్ పేరు పెట్టారు.