పాత డ్రీమ్‌కాస్ట్‌లో ఆన్‌లైన్ ఆట: ల్యాగ్ ఎక్కడ పుడుతుంది?

సెగా కంపెనీ టీవీకి తగిలించి ఆడే డ్రీమ్‌కాస్ట్ గేమ్ కన్సోల్‌ను 1998లో జపాన్‌లో, మరుసటేడు అమెరికాలో విడుదల చేసింది. ఫోన్ లైను ద్వారా ఇంటర్నెట్‌కు కలిపే డయలప్ మోడెమ్ దాంతోపాటే వచ్చేది. 2001లో తయారీ ఆపేశారు, తర్వాత సర్వర్లూ మూతబడ్డాయి. అయినా ఫాంటసీ స్టార్ ఆన్‌లైన్, ఒకరినొకరు కాల్చుకునే క్వేక్ 3 ఆటలు ఆడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సర్వర్లు అభిమానులే నడుపుతున్నారు.

మరి ల్యాండ్‌లైన్ లేని ఇంట్లో ఎలా? దానికి డ్రీమ్‌పై అనే ఉపాయం ఉంది. రాస్‌ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్‌కు యూఎస్‌బీ మోడెమ్ తగిలించి, అక్కడి నుంచి కన్సోల్‌కు ఫోన్ వైరు లాగుతారు. ఆ చిన్న కంప్యూటరే డయల్ టోన్ వినిపిస్తుంది. కన్సోల్ అదే టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్ అనుకుని నంబర్ కొడుతుంది. ఆ చిన్న కంప్యూటర్ కాల్ ఎత్తి, డేటాను రౌటర్‌కు అందిస్తుంది. కొన్ని మోడెములు లైనులో కరెంటు లేకపోతే పలకవు, వాటికి ఇంకో చిన్న సర్క్యూట్ కావాలి.

ఇంట్లో ఫైబర్ ఉంది కదా, ఇక ల్యాగ్, అంటే ఆటలో ఆలస్యం, ఎందుకుంటుంది అనిపిస్తుంది. 50 ఎంబీపీఎస్ కనెక్షన్ అంటే అమెరికా డ్రీమ్‌కాస్ట్‌లోని 56 కేబీపీఎస్ మోడెమ్‌కు దాదాపు 900 రెట్లు. కానీ ఆటకు అంత డేటా అక్కర్లేదు. అది పంపేది ఎవరు ఎక్కడున్నారు, ఏ బటన్ నొక్కారు అనే చిన్న చిన్న ప్యాకెట్లే. అవి ఎంత త్వరగా చేరతాయన్నదే అసలు సంగతి. మోడెమ్ అంకెలను శబ్దంగా మార్చాలి, అవతలిది మళ్లీ అంకెలు చేయాలి. వైరు మూరెడే ఉన్నా ఆ ఆలస్యం పోదు. రానూపోనూ 100 మిల్లీసెకన్లు దాటడం మామూలే.

క్వేక్ 3లో ఇది బాగా తెలుస్తుంది. అందులో మనిషి సెకనుకు 320 యూనిట్లు (ఆటలోని దూరపు కొలత) పరుగెడతాడు, ఒంటి వెడల్పు 30 యూనిట్లు. 150 మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటే, మీరు కాల్చింది సర్వర్‌కు లెక్కకొచ్చేసరికి ఎదుటివాడు 48 యూనిట్లు జరిగిపోయి ఉంటాడు. గురి సరిగ్గా పెట్టినా గుండు గాల్లోకే. అందుకే పాత ఆటగాళ్లు మనిషి మీద కాకుండా కాస్త ముందుకు గురిపెడతారు.

మన చేతిలో ఉన్నది రౌటర్ దగ్గర ప్యాకెట్ల వరుస తగ్గించడం. ఇంట్లో ఎవరో ఫోన్‌లోంచి వీడియో అప్‌లోడ్ చేస్తుంటే, టోల్‌గేటు దగ్గర లారీల వెనక ఇరుక్కున్న స్కూటర్‌లా ఆట ప్యాకెట్ రౌటర్‌లో ఆగిపోతుంది. రౌటర్‌లో క్యూఓఎస్ (ముఖ్యమైన ప్యాకెట్లకు ముందు దారి ఇచ్చే సెట్టింగ్) ఉంటే ఆన్ చేసి, అప్‌లోడ్ పరిమితిని అసలు వేగం కన్నా కాస్త తక్కువగా పెట్టండి. రాస్‌ప్‌బెరీ పైని వైఫైతో కాకుండా లాన్ కేబుల్‌తో కలపండి. కన్సోల్‌కు నేరుగా లాన్ కేబుల్ తగిలించే సెగావాళ్ల బ్రాడ్‌బ్యాండ్ అడాప్టర్ దొరికితే మోడెమ్ గొడవే ఉండదు గానీ, అది అరుదు. పైగా కొన్ని ఆటలకే పనిచేస్తుంది.

దూరానికి మాత్రం మందు లేదు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు 14 వేల కిలోమీటర్ల పైమాటే. కేబుల్ తిన్నగా వేసినా రానూపోనూ 140 మిల్లీసెకన్లు, మోడెమ్ ఆలస్యం దానికి అదనం. ఆ రెండు ఊళ్ల స్నేహితులు క్వేక్ జోలికి పోకుండా, ఒకే జట్టుగా రాక్షసులను కొట్టే ఫాంటసీ స్టార్ పెట్టుకోవడం మంచిది. ఒకరినొకరు కాల్చుకునే పని లేదు కాబట్టి, అందులో ఆలస్యం అంతగా బాధించదు.