నిషేధం అనే మాట ఎక్కడా కనిపించదు: మతస్వేచ్ఛపై అపోహలు - వాస్తవాలు

మతం కారణంగా స్వదేశం విడిచి వేరే దేశంలో ఆశ్రయం కోరేవారి కేసుల్లో లాయర్లకు ఒక నివేదిక కావాలి. ఆ మనిషి వచ్చిన దేశంలో చట్టం ఏమంటోంది, ఆచరణలో ఏం జరుగుతోంది అన్నది అందులో ఉండాలి. అలాంటి నివేదికలు రాయడం నా వృత్తి. ఈ పనిలో నాకు లాఠీల కన్నా దరఖాస్తు ఫారాలు, గెజిట్ నోటిఫికేషన్లే ఎక్కువగా ఎదురవుతాయి. చుట్టాలు, స్నేహితులు, ఒక్కోసారి తోటి న్యాయవాదులు కూడా అనే మాటలు కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: రాజ్యాంగంలో మతస్వేచ్ఛ రాసి ఉంటే ఆ దేశంలో ఉన్నట్టే.

ఉత్తర కొరియా రాజ్యాంగం 68వ అధికరణం పౌరులకు మత విశ్వాస స్వేచ్ఛ ఇస్తోంది. దీనికి వివరణ అక్కర్లేదనుకుంటాను. చైనా రాజ్యాంగం 36వ అధికరణం ‘సాధారణ మత కార్యకలాపాలకు’ రక్షణ ఇస్తుంది. ఏది సాధారణమో తేల్చేది మాత్రం ప్రభుత్వమే. అందుకే నేను రాజ్యాంగాన్ని త్వరగా ముగించి మత వ్యవహారాల శాఖ నిబంధనలు, శిక్షాస్మృతి, గుర్తింపు కార్డు దరఖాస్తు, పాస్‌పోర్టు ఫారం ముందేసుకుంటాను.

అపోహ: రిజిస్ట్రేషన్ చేయించుకోమంటే తప్పేముంది? మన సొసైటీలు, ట్రస్టులు చేయించుకోవడం లేదా?

నేను ఎక్కువగా వినేది ఇదే. మన దగ్గర సొసైటీని నమోదు చేయించకపోతే దాని పేరిట ఆస్తి కొనలేరు. అంతేగానీ పదిమంది ఒక ఇంట్లో చేరి భజన చేసుకుంటే నేరం కాదు. కాబట్టి ఏ దేశం చట్టం చేతికొచ్చినా నేను వెతికేది ఒక్కటే: నమోదు లేకుండా కొందరు కూడి ప్రార్థిస్తే ఏమవుతుంది?

ఆఫ్రికా దేశం ఎరిట్రియా దీనికి జవాబు చెబుతుంది. 2002లో అక్కడి ప్రభుత్వం నాలుగింటికే గుర్తింపు ఉంచింది: ఎరిట్రియన్ ఆర్థడాక్స్ చర్చి, కాథలిక్ చర్చి, లూథరన్ చర్చి, సున్నీ ఇస్లాం. మిగతావారంతా నమోదు చేసుకోవాలని, అందాకా ప్రార్థనాలయాలు మూసేయాలని చెప్పింది. దరఖాస్తులు వెళ్లాయి, ఆమోదాలు రాలేదు. ఎవరి మతాన్నీ ‘నిషేధించలేదు’, దరఖాస్తు పరిశీలనలో ఉంది, అంతే. ఈలోగా ఇళ్లలో కూడినవారు జైళ్లకు వెళ్లారు. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ వారి పరిస్థితి ఇంకా ముందే చెడింది. స్వాతంత్ర్యంపై 1993లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో వారు ఓటు వేయలేదు, సైన్యంలో చేరబోమన్నారు. 1994 అక్టోబరులో అధ్యక్షుడి ఉత్తర్వుతో వారి పౌరసత్వమే పోయింది. ఆ ఏడాది సెప్టెంబరులో పట్టుకున్న ముగ్గురు యువకులు అభియోగమూ విచారణా లేకుండానే 2020 డిసెంబరు దాకా నిర్బంధంలో ఉన్నారు.

చైనాలో గుర్తింపు ఉన్నవి ఐదు: బౌద్ధం, తావో మతం, ఇస్లాం, కాథలిక్, ప్రొటెస్టెంట్. ఒక్కోదానికీ ప్రభుత్వ పర్యవేక్షణలో నడిచే సంఘం ఉంటుంది, దాని బయట నడిచే ప్రార్థన అక్రమం. 2018 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన సవరించిన నిబంధనలు ఈ పట్టును ఇంకా బిగించాయి. అంతకుముందు 2007లో వచ్చిన ఒక ఉత్తర్వు ప్రకారం టిబెటన్ బౌద్ధ గురువు (లామా) పునర్జన్మగా ఒకరిని గుర్తించడానికీ ప్రభుత్వ ఆమోదం ఉండాలి. నాస్తికత్వాన్ని సిద్ధాంతంగా పెట్టుకున్న పార్టీ పునర్జన్మకు అనుమతి పత్రం ఇస్తుందట! దలైలామా వారసుడెవరన్న ప్రశ్న దీని వెనక లేకపోతే నవ్వి ఊరుకోవచ్చు.

అపోహ: వారికి పౌరసత్వం ఉంది, ఓటు ఉంది. ఇక వివక్ష ఎక్కడ?

ఫారంలో ఉంటుంది. పాకిస్థాన్ 1974లో రాజ్యాంగాన్ని సవరించి, తాము ముస్లింలమనే చెప్పుకునే అహ్మదీయులను ముస్లిమేతరులుగా ప్రకటించింది. 1984లో సైనిక పాలకుడు జియా ఉల్ హక్ తెచ్చిన ఆర్డినెన్స్ మరో అడుగు ముందుకు వేసింది. అహ్మదీ తాను ముస్లింనని చెప్పుకున్నా, తమ ప్రార్థనాలయాన్ని మసీదు అన్నా మూడేళ్ల వరకు జైలు. పాస్‌పోర్టు కోసం తాను ముస్లింనని రాసే ప్రతి పాకిస్థానీ, అహ్మదీయ ఉద్యమ స్థాపకుడు మీర్జా గులాం అహ్మద్‌ను మోసగాడిగా పేర్కొనే ప్రకటన కింద సంతకం చేయాలి. అహ్మదీ ముందు రెండు దారులున్నాయి: తన గురువును తిట్టడం, లేదా తాను ముస్లింను కాదని రాయడం. ఓటరు జాబితాలోనూ వారికి విడి జాబితా ఉంది. 1979లో భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్న అబ్దుస్ సలాం అహ్మదీయే. రబ్వాలోని ఆయన సమాధి ఫలకంపై ‘మొదటి ముస్లిం నోబెల్ గ్రహీత’ అని ఉండేది. అధికారులు ‘ముస్లిం’ అన్న పదాన్ని చెరిపించారు. మిగిలిన వాక్యం ప్రకారం ప్రపంచంలో మొదటి నోబెల్ ఆయనదే కావాలి!

ఈజిప్టులో గుర్తింపు కార్డులను కంప్యూటరీకరించాక మతం గడిలో మూడే ఎంపికలు మిగిలాయి: ఇస్లాం, క్రైస్తవం, యూదు మతం. ఈ మూడింటిలో దేనికీ చెందని బహాయీ మతస్థులు అబద్ధం రాయనన్నారు, కార్డు రాలేదు. కార్డు లేకపోతే ఉద్యోగమూ లేదు, బ్యాంకు ఖాతా కూడా లేదు. కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగాక 2009లో ఆ గడిలో ఒక చిన్న గీత వేయించుకునే హక్కు దక్కింది. ఇరాన్ ఎదురు దిశలో నడిచింది. 2020లో జాతీయ గుర్తింపు కార్డు దరఖాస్తు నుంచి ‘ఇతర మతం’ అన్న ఎంపికనే తీసేసింది.

అపోహ: అరెస్టులు తక్కువగా ఉన్న చోట స్వేచ్ఛ ఎక్కువ.

మాల్దీవుల 2008 రాజ్యాంగం ప్రకారం ముస్లిమేతరులు పౌరులు కాలేరు. అక్కడ చర్చిపై దాడి జరిగిందన్న వార్త రాదు. దాడి చేయడానికి చర్చి ఉండాలి కదా.

అపోహ: మెజారిటీ మతస్థులకు ఈ బెడద లేదు.

తజికిస్థాన్ జనాభాలో అత్యధికులు ముస్లింలు. అక్కడ 2011లో వచ్చిన చట్టం పద్దెనిమిదేళ్ల లోపువారిని మసీదులకు దూరం పెట్టింది. 2024లో హిజాబ్‌ను ‘పరాయి దుస్తుల’ లెక్కన కట్టి జరిమానాలు పెట్టారు. కాథలిక్కులు ఎక్కువగా ఉన్న నికరాగువాలో బిషప్ రొలాండో అల్వారెజ్‌కు 2023లో 26 ఏళ్ల శిక్ష వేసి, 2024 జనవరిలో దేశం నుంచి పంపించేశారు. ఎరిట్రియాలో గుర్తింపు పొందిన నాలుగింటిలో ఆర్థడాక్స్ చర్చి ఒకటి అన్నాను కదా. ఆ చర్చి అధిపతి ఆంటోనియోస్ ప్రభుత్వ జోక్యాన్ని ఎదిరించి పదవి పోగొట్టుకున్నారు. ఏళ్ల గృహనిర్బంధం తర్వాత 2022లో చనిపోయారు.

అపోహ: దేశ భద్రత కోసమైతే మతస్వేచ్ఛను ఆపవచ్చు.

పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 18వ అధికరణం మతాచరణపై ఆంక్షలకు అనుమతించే కారణాలను పేర్కొంది: ప్రజల భద్రత, శాంతి, ఆరోగ్యం, నైతికత, ఇతరుల ప్రాథమిక హక్కులు. ‘జాతీయ భద్రత’ ఆ జాబితాలో లేదు. పక్కనే భావప్రకటన గురించిన 19వ అధికరణంలో ఉంది. కాబట్టి పొరపాటున వదిలేసిన మాట కాదు. ఈ తేడా తెలియని లాయర్లు చాలామంది ఉన్నారు. రష్యా దారి వేరు. ‘తీవ్రవాదం’ అనే మాటకు హింస అవసరం లేని నిర్వచనం రాసుకుంది. 2017 ఏప్రిల్‌లో అక్కడి సుప్రీంకోర్టు ఆయుధం పట్టనని సైన్యంలో చేరని యెహోవా సాక్షుల సంస్థలన్నింటినీ ఆ చట్టం కిందే రద్దు చేసింది.

అపోహ: ప్రజాస్వామ్య దేశాల్లో ఇలాంటివి ఉండవు.

అవి కోర్టులో సవాలు చేయనిస్తాయి. తేడా అంత మాత్రమే, కానీ అది చిన్నది కాదు. 2009లో స్విట్జర్లాండ్ ఓటర్లు 57 శాతానికి పైగా మెజారిటీతో కొత్త మినార్ల నిర్మాణాన్ని నిషేధించారు. అప్పటికి ఆ దేశంలో ఉన్నవి నాలుగు. ప్రభుత్వ బడుల్లో కొట్టొచ్చినట్టు కనిపించే మతచిహ్నాలను నిషేధించిన ఫ్రాన్స్ 2004 చట్టం వల్ల తలపాగా తీయనన్న సిక్కు విద్యార్థులు బడి నుంచి బయటికొచ్చారు. వారి కేసులను ఐరోపా మానవ హక్కుల కోర్టు 2009లో తోసిపుచ్చింది. అలాంటి కేసులోనే ఐరాస మానవ హక్కుల కమిటీ 2012లో ఫ్రాన్స్‌ది తప్పని తేల్చింది.

మన దేశంలో ఒడిశా 1967లో మతమార్పిడి నియంత్రణ చట్టం తెచ్చింది. మత ప్రచార హక్కులో ఇతరులను మార్చే హక్కు లేదని 1977లో సుప్రీంకోర్టు అంది. అయితే నేను చూసేది నోటీసు నిబంధన. ఉత్తరప్రదేశ్ 2021 చట్టం ప్రకారం మతం మారదలచినవారు అరవై రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేట్‌కు చెప్పాలి. ముప్పై రోజుల నోటీసు అడిగిన హిమాచల్ నిబంధనను ఆ రాష్ట్ర హైకోర్టు 2012లో కొట్టేస్తే, 2019లో కొత్త చట్టంతో అది తిరిగొచ్చింది. విశ్వాసం మారడానికి ముందు కలెక్టరేట్‌లో కాగితం ఇవ్వాలనడం నా దృష్టిలో ఆంక్షే. బలవంతపు మార్పిడిని ఆపడానికేనన్న వాదన తెలుసు, కానీ బలవంతాన్ని శిక్షించడానికి ముందస్తు నోటీసు అవసరం లేదు.

మరో ఉదాహరణ కూడా మన దగ్గరిదే. జాతీయ గీతం పాడలేదని కేరళలో ముగ్గురు పిల్లలను బడి నుంచి పంపేస్తే, గౌరవంగా నిలబడ్డారు కాబట్టి తప్పు లేదని 1986లో సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్పించింది. తీర్పు రాసింది తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. ఆ పిల్లలు యెహోవా సాక్షుల కుటుంబం వారే.

అపోహ: గుట్టుగా ఇంట్లో ప్రార్థించుకుంటే ఇబ్బంది ఉండదు కదా, ఆశ్రయం ఎందుకు?

ఆశ్రయ ఇంటర్వ్యూల్లో అధికారులు అడిగే ప్రశ్నే ఇది. జర్మనీలో ఇద్దరు పాకిస్థానీ అహ్మదీల కేసులో ఐరోపా సంఘం న్యాయస్థానం 2012 సెప్టెంబరులో దీనికి జవాబిచ్చింది. మతాచరణ మానుకుంటే ప్రమాదం తప్పుతుందన్న కారణంతో ఆశ్రయం నిరాకరించకూడదంది. ఆ తీర్పుకు కట్టుబడాల్సింది ఐరోపా సంఘం దేశాలే. మిగతా చోట్లకు వెళ్లే నివేదికల్లో నేను ఒక పేరా అదనంగా రాస్తాను: ఇంట్లో తలుపులు మూసుకుని ప్రార్థించే అహ్మదీకి కూడా పాస్‌పోర్టు కావాలి, ఆ ఫారంలో సంతకం చేయక తప్పదు.