పెరట్లో పిల్లల ఉయ్యాల: అపోహలు, వాస్తవాలు

ఉయ్యాల చేయిద్దామనగానే అందరి ధ్యాస కట్టె మీదికే పోతుంది. అయితే ఉయ్యాల పాడయ్యేది ఎక్కువగా దూలం విరిగి కాదు. కొక్కెం ఊడుతుంది, కాళ్ల మొదళ్లు పుచ్చిపోతాయి, గుంతలు వదులవుతాయి. కింది లెక్కలన్నీ రెండు పీటల ఉయ్యాలకు: దూలం నేలకు 7 అడుగుల ఎత్తున, రెండు చివర్లా కింద 5 అడుగులు ఎడంగా చాపిన జత కాళ్లు.

అపోహ: టేకైతే చెదలు పట్టవు

చెదలు పట్టనిది చేవకే, అంటే మాను నడిమి గట్టి కట్టెకే. లేత వయసులో కొట్టిన టేకులో చేవ తక్కువ, చుట్టూ తెల్ల కట్టె ఎక్కువ. ఆ తెల్ల కట్టెను చెదలు మామిడి చెక్కను తిన్నట్టే తింటాయి. సామిల్లులో కోయించేటప్పుడు అంచు చూడండి: బంగారు గోధుమ రంగులో ఉన్నది చేవ, పక్కన పాలిపోయిన పట్టీ తెల్ల కట్టె. ఆ పట్టీ ఉన్న ముక్క కాళ్లకు పనికిరాదు. టేకు ధర భారమనిపిస్తే నల్లమద్ది చేవ తీసుకోవచ్చు గానీ బాగా ఆరినదే కొనాలి, పచ్చిది మన ఎండలకు పగుళ్లిస్తుంది.

కొలతలు: కాళ్లకు 4×4 ఇంచులవి 8 అడుగుల చొప్పున నాలుగు, దూలానికి 4×6 ఇంచులది 12 అడుగులు, అడ్డపట్టీలకు 2×4 ఇంచులవి 5 అడుగుల చొప్పున రెండు. మొత్తం 6 ఘనపుటడుగులకు కాస్త పైన. తరుగుతో కలిపి 7 చెప్పండి. బిల్లు తప్పక తీసుకోండి.

అపోహ: దూలాన్ని పడుకోబెడితే నిలకడగా ఉంటుంది

కూర్చోబెట్టడానికి సులువని కొందరు 6 ఇంచుల వైపును అడ్డంగా పరుస్తారు. అదే కట్టెను నిలువుగా పెడితే ఒకటిన్నర రెట్లు బరువు మోస్తుంది, వంగడం సగానికన్నా తగ్గుతుంది. పైసా ఖర్చు లేని బలం ఇది.

అపోహ: పిల్లల బరువెంత, స్క్రూ కొక్కెం చాలదా?

30 కిలోల బిడ్డ 60 డిగ్రీల దాకా ఊగితే, కిందికి వచ్చే క్షణాన గొలుసుల మీద పడేది 60 కిలోల బరువు. గొలుసు నేలకు సమంగా లేచేదాకా ఊగితే 90 కిలోలు. స్క్రూ కొక్కెం పట్టంతా మరల మీదే. ఊపు ఊపుకీ ఆ రంధ్రం కొంచెం కొంచెం పెద్దదవుతుంది. దూలానికి పైనుంచి కిందికి ఆరపార రంధ్రం వేసి, 12 ఎంఎం ఐ బోల్టు (తల రింగులా ఉండేది) దూర్చి, పైన వెడల్పాటి వాషరు, నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగుండి వదులవనిది) బిగించాలి. గొలుసు కలిపే ఎస్ హుక్కు నోట్లో రూపాయి బిళ్ళ కూడా దూరనంతగా మూసేయాలి. కాళ్ల అతుకులకు కూడా మేకులు వద్దు, బోల్టులే. ముందుకూ వెనక్కూ లాగుడు పడేచోట మేకు నిలవదు.

అపోహ: కాళ్లను కాంక్రీటులో పాతితేనే గట్టి

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. ఎండకు కట్టె కుంచించుకుపోతుంది, కాంక్రీటు పోదు. మధ్యలో ఏర్పడిన సందులోకి ముసురు నీళ్లు దిగి అక్కడే ఉండిపోతాయి. పైన వార్నిష్ మెరుస్తూనే ఉంటుంది, నేల మట్టం దగ్గర స్క్రూడ్రైవరుతో పొడిస్తే మాత్రం మెత్తగా దిగిపోతుంది.

అడుగు చదరంలో 2 అడుగుల లోతు గుంతలు నాలుగు తీయండి. వాటిలో కాంక్రీటు పోసి, పచ్చిగా ఉండగానే 5 ఎంఎం ఇనుప యూ పట్టీ దించండి. కాలి అడుగు కాంక్రీటుకు 2 ఇంచుల పైన ఆగాలి, పట్టీకి రెండు బోల్టులతో బిగియాలి. కాంక్రీటు పైభాగాన్ని బయటికి వాలుగా తీర్చాలి. 1:2:4 పాళ్లలో నాలుగు గుంతలకూ కలిపి సిమెంటు ఒకటిన్నర బస్తా, ఇసుక 4, కంకర 8 ఘనపుటడుగులు పడతాయి. వారం రోజులు తడపండి, ఆ తర్వాతే కాళ్లు నిలబెట్టండి.

ఎర్ర చలకలో ఈ లోతు సరిపోతుంది, నల్లరేగడిలో సరిపోదు. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది. నాలుగు గుంతలూ ఒకేలా కదలవు కాబట్టి చట్రం మెలిపడి బోల్టులు వదులవుతాయి. అక్కడ 3 అడుగులు తవ్వి, కాంక్రీటు చుట్టూ మొరం దిమ్మిస చేయాలి. సిమెంటు రెండుంబావు బస్తాలవుతుంది.

అపోహ: కింద షాబాద్ బండలు పరిస్తే శుభ్రంగా ఉంటుంది

శుభ్రంగానే ఉంటుంది, తల పగులుతుంది. పచ్చిక కూడా నమ్మదగ్గది కాదు, పీట కింద నాలుగు రోజుల్లో అరిగి గట్టి మట్టి తేలుతుంది. వదులు ఇసుక మందంగా పోయండి, వాన పడ్డాక గట్టిపడితే పారతో తిరగేయండి.

అపోహ: ఎత్తు పెరిగితే మజా పెరుగుతుంది

స్థలం కూడా పెరగాలి మరి. దూలం ఎత్తుకు రెండింతలు ముందూ, అంతే వెనకా ఖాళీ ఉండాలి. 7 అడుగులకు అటు 14, ఇటు 14. 200 గజాల ప్లాటులో ఇల్లు పోను అంత జాగా దొరకడం కష్టం. దూలాన్ని 6 అడుగులకు దించి, చిన్నపిల్లల వరకే ఉంచుకోవడం నయం. పీటకూ పీటకూ మధ్య 2 అడుగులు, పీటకూ కాలికీ మధ్య రెండున్నర. 18 ఇంచుల పీటలు రెండైతే కాళ్ల జతల నడుమ 10 అడుగులు కావాలి. కొక్కేలు పీట కన్నా ఎడంగా, 20 ఇంచుల దూరంలో ఉంటే పీట పక్కలకు తిరగదు.

అపోహ: చెక్క ఉయ్యాలకు చెక్క పీటే అందం

ఖాళీగా ఊగే చెక్క పీట అటుగా పరుగెత్తే పిల్లవాడి నుదుటికి తగిలితే కుట్లు పడతాయి. ఇనుప తీగలు లేని కన్వేయర్ బెల్టు ముక్క మేలు. గొలుసుకు చేతులు పట్టే మేర నీళ్ల పైపు తొడిగితే వేళ్లు నలగవు, ఎండకు కాలదు. నైలాన్ తాడు వద్దు, ఎండకు పెళుసెక్కుతుంది.

అపోహ: కాలిన ఇంజన్ ఆయిల్ పూస్తే కట్టె చెడదు

కంచె గుంజలకు పూసుకోండి, మీ ఇష్టం. పిల్లల చేతులంటే చోట మాత్రం వద్దు, అందులో క్యాన్సర్ కారక పదార్థాలుంటాయి. అవిసె నూనె పల్చగా రెండు పూతలు పూసి, ఏటా వానలకు ముందు మరో పూత వేస్తే చాలు. అప్పుడే బోల్టులన్నీ ఓసారి బిగించండి. నూనె పూసిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయొద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో తడిపి, ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి.