గేట్‌వే పక్కనున్న సెన్సర్లే ముందుగా ఎందుకు ఆగిపోతాయి?

మామిడితోటలో నేల తేమను కొలిచే వైర్‌లెస్ సెన్సర్లు పెట్టించిన ఒక పాఠకుడు, గేట్‌వే (సెన్సర్ల కొలతలన్నీ చివరికి చేరే పరికరం) పక్కనున్న వాటి బ్యాటరీలే ముందుగా అయిపోతున్నాయని రాశారు. సిగ్నల్ బాగా అందేవి ఎక్కువ కాలం మన్నాలి కదా అని ఆయన సందేహం. సెన్సర్లు ఎక్కడ పెట్టాలనే శాస్త్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన లెక్క ఈ ప్రశ్నలోనే ఉంది.

దూరపు సెన్సర్ పంపే కొలత నేరుగా గేట్‌వేకు చేరదు. పక్కది అందుకుని ముందుకు పంపాలి, అది ఇంకోదానికి. కాలువల కింద ఎండేది చివరి ఆయకట్టు. ఇక్కడ మాత్రం తూము పక్కనున్న మడే ముందు ఎండుతుంది.

గేట్‌వే చుట్టూ ఒకే వెడల్పుతో ఐదు వలయాలు గీయండి. వైశాల్యాలు 1, 3, 5, 7, 9 నిష్పత్తిలో వస్తాయి. సెన్సర్లను సమంగా పరిస్తే వాటి సంఖ్యా అంతే, మొత్తం 25. ఒక్కొక్కటి గంటకో కొలత పంపుతుందనుకుందాం. చివరి వలయంలోనివి తమ సొంత కొలత పంపి ఊరుకుంటాయి. నాలుగో వలయంలోని 7 సెన్సర్లు తమవీ బయటివీ కలిపి 16 మోయాలి. తర్వాతి 5 కలిసి 21, ఆ తర్వాతి 3 కలిసి 24. గేట్‌వే పక్కనున్న ఆ ఒక్కటీ 25 మోయాలి! అది ఆగిపోయే నాటికి చివరి వలయంలోని బ్యాటరీల్లో ఖర్చయ్యేది 4 శాతమే. మొత్తం మీద దాదాపు 85 శాతం శక్తి మిగిలే ఉంటుంది, కానీ గేట్‌వేకు దారి ఉండదు. దీన్నే ఎనర్జీ హోల్ అంటారు.

సెన్సర్లను అంతటా రెట్టింపు చేసి, అన్నిటితోనూ కొలతలు పంపిస్తే? సందేశాలూ రెట్టింపవుతాయి, ఆయుష్షు ఒక్కరోజు కూడా పెరగదు. దానికి బదులు చివరి వలయాన్ని 9 దగ్గరే ఉంచి, లోపలికి వచ్చేకొద్దీ 16, 21, 24, 25 చొప్పున పెట్టండి. అదనపువి కొలవనక్కర్లేదు, సందేశాలు అందిస్తే చాలు. మొత్తం 95. నాలుగు రెట్లు కూడా కాని ఖర్చుతో ఆయుష్షు 25 రెట్లు పెరుగుతుంది! ఎన్నిసార్లు వేసి చూసినా ఈ లెక్క నన్ను ఆశ్చర్యపరుస్తూనే ఉంటుంది.

ఇందులో సందేశాన్ని అందుకునే ఖర్చు కలపలేదు. సీసీ2420 అనే రేడియో చిప్ పంపడానికి 17.4 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే, వినడానికి 18.8 తీసుకుంటుంది. అదీ కలిపితే మొదటి వలయానికీ చివరిదానికీ ఉన్న తేడా దాదాపు 50 రెట్లవుతుంది.

తోటలోనైతే బ్యాటరీ మార్చుకోవచ్చు. 2002లో అమెరికాలోని మెయిన్ రాష్ట్ర తీరాన గ్రేట్ డక్ దీవిలో, పెట్రెల్ అనే సముద్రపక్షుల బొరియలను గమనించడానికి 32 సెన్సర్లు పెట్టారు. పొదిగే కాలంలో మనిషి అలికిడైతే ఆ పక్షులు గూడు వదిలేసే ప్రమాదముంది. అలాంటిచోట లెక్కంతా ముందే వేసుకోవాలి.

పాఠ్యపుస్తకాల్లో రేడియో పరిధిని చక్కని వృత్తంగా గీసి పిల్లలకు చూపిస్తారు. నాకది నచ్చదు. ఇలాంటి రేడియోలు వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను తడి ఆకులు పీల్చుకుంటాయి. పైగా 100 మీటర్ల దూరానికి, సిగ్నల్ వెళ్లే దారి మధ్యలో చుట్టూ 1.8 మీటర్ల మేర అడ్డు లేకపోతేనే సిగ్నల్ బాగా అందుతుంది. అందుకే యాంటెన్నాలను నిలువెత్తు కర్రల మీద పెట్టాలి, వాన వెలిసిన వెంటనే సిగ్నల్ కొలిచి చూసుకోవాలి. అదనపు సెన్సర్లను గేట్‌వేకు ఒకే వైపున గుంపుగా పెట్టకుండా, ప్రతి మూల నుంచీ కనీసం రెండు వేర్వేరు దారులు ఉండేలా సర్దాలి.