పిల్లని మాన్పిస్తే గొడవ ఆగుతుందా? అపోహలు - వాస్తవాలు

విజయనగరం జిల్లా ఊళ్లలో యువజన బృందాలతో కలిసి, చదువు మానేసిన ఆడపిల్లల్ని మళ్లీ చేర్పించే పని చేస్తుంటాను. కాలేజీలు తెరిచిన ప్రతిసారీ ఏదో ఒక ఇంట్లో ఈ మాట వినాల్సి వస్తుంది: "గొడవలెందుకమ్మా, మాన్పించేశాం." మా పనిలో పిల్లలకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ మాటే.

అపోహ: కుర్రాళ్లు వెంటపడుతుంటే పిల్లని ఇంట్లో కూర్చోబెడితే ఊరు ప్రశాంతంగా ఉంటుంది.

ఉండదు. వాళ్లు అదే కల్వర్టు గట్టు మీద కూర్చుని రేపు ఇంకో పిల్ల వెంటపడతారు. ఇంట్లో కూర్చున్న పిల్లకి మాత్రం సంబంధాలు చూడటం మొదలవుతుంది.

గజపతినగరం వైపు ఒక ఊళ్లో ఇంటర్ మొదటి సంవత్సరం పిల్ల విషయంలో ఇదే జరిగింది. బస్సు దిగిన దగ్గర్నుంచి కాలేజీ గేటు దాకా పక్క ఊరి కుర్రాళ్లు బైకు మీద వెంటపడేవారు. ఆ పిల్ల పెద్దమ్మ కొడుకు వెళ్లి ఒకడి చొక్కా పట్టుకున్నాడు. రెండు ఊళ్లకీ తగువైంది. పెద్దమనుషులు కూర్చుని, పిల్ల కాలేజీ మానెయ్యాలని తేల్చారు. ఏ తప్పూ చెయ్యని ఒక్క మనిషికి శిక్ష వేసి, రాజీ కుదిరిందని లేచి వెళ్లిపోయారు.

నేను వెళ్తే తండ్రి అన్నాడు: "మీకేటమ్మా, చెప్పేసి ఎల్లిపోతారు. రేపు ఈ ఊళ్లో ఉండాల్సింది మేం కదా." ఆ భయాన్ని నేను కొట్టిపారెయ్యను. కూలికి వాళ్లు పోవాల్సింది ఆ పక్క ఊరి పొలాలకే.

అప్పుడు ఆ పిల్ల కెమిస్ట్రీ రికార్డు తెచ్చి వెనక పేజీలు తిప్పింది. తేదీలు, బండి నంబరు, ఏ రోజు ఏం అన్నారో, ఏ రోజు చున్నీ లాగారో అన్నీ వరసగా రాసి ఉన్నాయి. తల్లికి కూడా చూపించలేదట. చూపిస్తే మాన్పించేస్తారని భయం.

ఆ ఇంట్లో ఎవరికీ తెలియని సంగతులు ఇవి. 18 ఏళ్లు నిండని పిల్ల వెంట పదేపదే పడటం పోక్సో చట్టం (పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడే చట్టం) కింద నేరం, మూడేళ్ల దాకా జైలు ఉంది. తెలిసిన విషయం పోలీసులకు చెప్పడం చట్టప్రకారం మన బాధ్యత కూడా, పెద్దమనుషుల రాజీతో అది తీరిపోదు. పిల్ల స్టేషన్‌కి వెళ్లక్కర్లేదు. వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, వీలైనంత వరకూ మహిళా ఎస్సైయే రావాలి, యూనిఫాంలో రాకూడదు. "కేసు పెడితే టీవీలో ఫొటో వేసేస్తారు" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లకి దండం పెట్టి చెబుతున్నాను, ఆపండి. పిల్ల పేరు గానీ ఫొటో గానీ బయటపెట్టడమే నేరం.

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి తల్లే ఫోన్ చేసింది. చీరలో వచ్చిన ఎస్సైని ఎవరో చుట్టాలనుకుని పక్కింటివాళ్లు మంచినీళ్లిచ్చారు. అరుగు మీద కూర్చునే మాట్లాడి వెళ్లారు. తర్వాత పొదుపు సంఘం ఆడవాళ్లు ఆ పెద్దమనుషుల్నే మళ్లీ కూర్చోబెట్టి, మానాల్సింది పిల్ల కాదని గట్టిగా చెప్పారు. దసరా అయ్యాక ఆ పిల్ల మళ్లీ బస్సెక్కింది, ఇంటర్ పూర్తి చేసింది. అదే దారిలో చదువు మానేసిన ఇంకో పిల్ల గురించి మాకు తెలిసేసరికే పెళ్లయిపోయింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"పెళ్లయిపోయాక ఇంక చేసేదేం లేదు" అంటారు. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం, మైనరుగా పెళ్లయిన అమ్మాయి తనకు 20 ఏళ్లు నిండేలోపు ఆ పెళ్లిని రద్దు చెయ్యమని కోర్టును అడగొచ్చు. అప్పటికే బిడ్డ పుడితే ఆ బిడ్డ హక్కులకు ఢోకా ఉండదు.

"శాంతి అనేది పెద్దవాళ్ల పని" అన్నది ఇంకొకటి. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2015 డిసెంబరు 9న 2250 తీర్మానంలో శాంతి పనిలో యువతకు చోటివ్వాలని దేశాలన్నిటికీ చెప్పింది. మా ఊళ్లలో ఆ పని ర్యాలీలతో జరగదు. మా బృందంలో మగపిల్లలున్నారు. సాయంత్రం ఆ కల్వర్టు దగ్గరికే వెళ్లి తోటి కుర్రాళ్లతో కూర్చుని మాట్లాడతారు. నేను పది మీటింగులు పెట్టినా చెప్పలేనిది వాళ్లు చెప్పగలరు.

"మలాలాలాగా ప్రాణం మీదకి తెచ్చుకోవాలా?" అని అమ్మానాన్నలు అడుగుతుంటారు. ఆడపిల్లల చదువు కోసం నిలబడిన పాకిస్తాన్ అమ్మాయి మలాలా. 2012లో ఆమె మీద కాల్పులు జరిగాయి, నిజమే. కానీ అంతకు మూడేళ్ల ముందు, పదకొండేళ్ల వయసులో ఆమె చేసింది తన బడి మూతపడుతోందని డైరీ రాయడం. మన పిల్ల రికార్డు వెనక రాసుకున్నదీ అలాంటిదే. అలాంటి పుస్తకం కనపడితే చించెయ్యకండి, దాచండి.

"టీసీ లేకపోతే చేర్చుకోరు" అన్నది ఎనిమిదో తరగతి దాకా నిజం కాదు. టీసీ ఆలస్యమైందని పిల్లల్ని తిప్పి పంపకూడదని విద్యాహక్కు చట్టంలోనే ఉంది. పది మధ్యలో ఆగిపోయినవాళ్లకి ఓపెన్ స్కూల్ ఉంది, దూరమైతే కస్తూర్బా విద్యాలయాల్లో హాస్టల్ ఉంది. ఇంటర్ పిల్లలైతే మాత్రం కోపంలోనో భయంలోనో వెళ్లి టీసీ తీసేసుకోకండి. పేరు రోల్‌లో ఉన్నంతకాలం హాజరు తగ్గినా ప్రిన్సిపాల్‌తో మాట్లాడి కూర్చోబెట్టడానికి దారి ఉంటుంది. ఒక్కరే వెళ్లడానికి టెన్షన్‌గా ఉంటే మీ ఊరి పొదుపు సంఘం లీడర్‌ని తోడు తీసుకెళ్లండి.